నాలుగైదు తరగతులకు జంతువుల అనుకూలనాలు: ఒంటెను కొన్నాళ్లు పక్కన పెట్టండి

మేడం, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ములుగు జిల్లాలో ఊరి బడి, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో. జంతువులు తాముండే చోటుకు ఎలా సరిపోతాయో చెప్పడానికి ఒంటె, మంచు ఎలుగు చార్టులు గోడకు పెట్టారు. పిల్లలు పాయింట్లన్నీ గడగడా అప్పజెప్పారు. "మరి మన కుంటలో కప్ప సంగతేంది?" అంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. ల్యాబ్ లేదు, ప్రొజెక్టర్ లేదు, ఇప్పుడెట్లా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఒంటెను ఓ రెండు వారాలు పక్కన పెట్టండి. పిల్లలు రోజూ చూసే చోటును ఒకదాన్ని తీసుకుని, అక్కడ బతకడానికి వచ్చే ఇబ్బంది ఏమిటో ముందు వాళ్లతోనే చెప్పించండి. అవయవాల మాట ఆ తర్వాత. ఇబ్బంది తెలిసిన పిల్లవాడు పరిష్కారం కోసం తనే వెతుకుతాడు. ఇబ్బంది తెలియకుండా "పొడవైన కనురెప్ప వెంట్రుకలు, వెడల్పైన పాదాలు" అంటే అది వాడికి ఎక్కాల పట్టీలో ఇంకో వరుస, అంతే. మన పిల్లలు ఎడారి చూడలేదు, ఇసుక తుఫాను చూడలేదు. ఎండాకాలం కుంట ఎండిపోవడం మాత్రం ప్రతి ఏడూ చూస్తారు.

అందుకే నేను ఈ పాఠానికి పెట్టుకున్న చోటు ఎండిపోయే కుంట. బోర్డు మీద కుంట బొమ్మ గీసి, "మార్చి దాటినంక ఈ కుంటల ఏమైతది?" అని అడుగుతాను. నీళ్లు తగ్గుతయ్, వేడెక్కుతయ్, పాచి పడతది, బురద మిగులుతది, ఆఖరికి నెర్రెలు బారుతది. ఇవన్నీ వాళ్లే చెప్తారు. వీటికి మీరు కలపాల్సింది ఒక్కటే: నీళ్లు వేడెక్కితే వాటిలో కలిసి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆకులూ పాచీ కుళ్లితే ఇంకా తగ్గుతుంది. అంటే చేపకు నీళ్లున్నా ఊపిరాడదు. ఇదీ ఇబ్బంది. దీన్ని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి అలాగే ఉంచండి.

ఇప్పుడు కొర్రమీను. బడులు తెరిచేది మిరుగు (మృగశిర కార్తె మొదలై, ఇంటింటా చేపలు తినే రోజు) దాటిన నాలుగైదు రోజులకే కాబట్టి చేపల ముచ్చట పిల్లల నోట్లో ఇంకా తాజాగానే ఉంటుంది. మార్కెట్లో బొచ్చెలు, రవ్వలు మంచు మీద పరిచి ఉంటాయి, కొర్రమీన్లు మాత్రం జానెడు నీళ్ల టబ్బులో ఒకదాని మీద ఒకటి పడి బతికే ఉంటాయి. ఎందుకట్ల? ఈ ప్రశ్న వేసి జవాబు చెప్పకండి. చెరువు మీద చేపలు పట్టే ఇంటి పిల్లలు మీ తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారు. అక్షరాల్లో వెనకబడ్డారని మనం వెనక వరుసలో కూర్చోబెట్టే పిల్లలు చాలాసార్లు వాళ్లే. ఆ రోజు వాళ్లను ముందుకు పిలవండి.

వీలైతే బతికున్న కొర్రమీనును ఒకదాన్ని బకెట్‌లో తెప్పించండి. పైన వల గుడ్డ కట్టాలి, లేకపోతే ఎగిరి గదంతా తిరుగుతుంది. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి నిశ్శబ్దంగా చూడమనండి. చేప కాసేపు అడుగున కట్టెలాగా పడి ఉంటుంది. తర్వాత నిదానంగా పైకొచ్చి, మూతి నీళ్ల మీదికి పెట్టి, గుటుక్కున ఒక గుక్క పట్టుకుని, గిరుక్కున తిరిగి అడుక్కు పోతుంది. నీళ్ల మీద చిన్న బుడగ మిగులుతుంది. పైకొచ్చినప్పుడల్లా పలక మీద ఒక గీత గీయమంటే లెక్కల క్లాసు కూడా అందులోనే అయిపోతుంది. మా బడిలో ఒకసారి నాలుగో తరగతి పిల్ల నా వైపు తిరిగి, "సార్, ఇది నీళ్లు తాగుతలేదు, గాలి తాగుతుంది" అంది. మొప్పల పైన తలలో దీనికి గాలి నిలిపే ఒక అర ఉంటుందని, అందులోంచి ఆక్సిజన్ తీసుకుంటుందని అప్పుడు చెప్పాను. ఆ పిల్లకు అది మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొర్రమీనుకు పైగాలి తప్పనిసరి. పైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలో ఉండి కూడా చచ్చిపోతుంది. ఈ మాట చెప్పగానే "ఆపి చూద్దామా సార్" అనే పోరగాడు ప్రతి బడిలో ఒకడుంటాడు. ఆ ప్రయోగం వద్దు, మాటతో సరిపెట్టండి. (చూడటం అయ్యాక ఆ చేప ఎవరింటి కూరలోకి పోయిందో నన్ను అడక్కండి. మన రాష్ట్ర చేప అదే అని చెప్పినా పిల్లల ధ్యాస పులుసు మీదికే పోతుంది.)

అదే కుంట, అదే ఎండాకాలం. ఇప్పుడు మీ కప్ప దగ్గరికి రండి. కప్ప తోలుతో కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి ఆ తోలు తడిగా ఉండాలి. ఎండలో తోలు ఎండితే దాని పని అయిపోతుంది. అందుకే మట్టిలోకి, రాళ్ల కిందికి, తేమ ఉన్న బొక్కల్లోకి పోయి కదలకుండా పడి ఉంటుంది. వాన పడగానే బయటికొచ్చి రాత్రంతా బెకబెకలాడేది కూడా ఊరికే కాదు. ఆ నీళ్లు మళ్లీ ఎండేలోపు గుడ్లు పెట్టాలి, అవి తోకకప్పలు కావాలి, వాటికి కాళ్లు రావాలి. నత్త ఏం చేస్తుంది? బురదలోకి దిగి, తన గుల్లకు తనే మూత వేసుకుని వాన దాకా ఉంటుంది. కొంగ ఏం చేస్తుంది? ఎగిరి ఇంకో చెరువుకు పోతుంది. ఒకటే ఇబ్బంది, నాలుగు దారులు. అనుకూలనం అంటే శరీర భాగం మాత్రమే కాదు, నడవడి కూడా అని పిల్లలకు తెలిసేది ఇక్కడే. పాఠంలో ఇంకేం మిగిలినా మిగలకపోయినా ఈ ఒక్క కుంటను బాగా సాగదీయండి.

బర్రె గురించి రెండు ముక్కలు. పిల్లలు "బర్రెకు నీళ్లంటే ఇష్టం" అంటారు. ఇష్టం మాట పక్కన పెట్టి కారణం అడగండి. ఆవుతో పోలిస్తే బర్రెకు చెమట గ్రంథులు బాగా తక్కువ, పైగా నల్లతోలు వేడిని పట్టుకుంటుంది. చెమటతో చల్లబడలేనిది మడుగులో దిగుతుంది. ఒంటికి పట్టిన బురద చల్లదనం ఇస్తుంది, ఈగల్నీ ఆపుతుంది. గొర్లు కాసే ఇంటి పిల్లలుంటే, మిట్టమధ్యాహ్నం గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి ఎందుకు నిలబడతాయో అడగండి. ఆ పిల్లలు చెప్పే సంగతులు మన పుస్తకంలో ఉండవు.

కానీ పెంపుడు జంతువులతో ఒక చిక్కుంది, ముందే చెప్పుకోవడం మంచిది. ముర్రా బర్రె ఎక్కువ పాలివ్వడం, బ్రాయిలర్ కోడి నెలన్నర తిరక్కుండానే కోతకు రావడం పరిసరాల వల్ల వచ్చినవి కావు. మనిషి తనకు కావలసినవాటిని ఏరి పెంచుకుంటూ వస్తే వచ్చినవి. ఐదో తరగతి పిల్లలకు ఈ తేడా చెప్పొచ్చు, నాలుగుకు అక్కర్లేదు.

మీ బడి అడవికి దగ్గర కాబట్టి మంచు ఎలుగును ఒంటరిగా చూపించకండి. మన ఎలుగును పక్కన పెట్టి చూపించండి. ఏటూరునాగారం అడవి అంచు ఊళ్లలో ఇప్పపూలు ఏరడానికి పోయినవాళ్లకు ఎలుగుబంటి ముచ్చట్లకు కొదవ ఉండదు. మన ఎలుగు తిండి చెదలు, చీమలు, ఇప్పపూలు, పండ్లు, తేనె. చెదల పుట్ట సిమెంటులాగా గట్టిగా ఉంటుంది కాబట్టి తవ్వడానికి పొడవైన వంకర గోళ్లు. పైదవడ ముందు పళ్లలో నడిమి రెండు ఉండవు. ఆ సందులోంచి, ముందుకు సాగే పెదాలతో చెదల్ని పీల్చేస్తుంది. పీల్చేటప్పుడు దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఇప్పుడు మంచు ఎలుగు: చెవులు చిన్నవి, అందువల్ల వేడి తక్కువ పోతుంది. తోలు కింద మందమైన కొవ్వు. తెల్లగా కనిపించే బొచ్చు కింద ఉన్న తోలు మాత్రం నల్లనిది. తిండి ముఖ్యంగా సీల్, అంటే మాంసం, కొవ్వు. రెండూ ఎలుగులే, ఒకే కుటుంబం. రెండింటినీ ఒకదాని చోట ఒకటి పెడితే ఏమవుతుందని అడిగి మీరు చప్పుడు చేయకుండా కూర్చోండి. గది మార్మోగుతుంది.

ఇక అసలు కష్టమైన చోటు. పిల్లలే కాదు, మనలో చాలామంది టీచర్లు కూడా ఇక్కడే జారతారు. "ఎడారిలో బతకడానికి ఒంటె మూపురం పెంచుకుంది", "ఆకులు అందక జిరాఫీ మెడ సాచి సాచి పొడుగు చేసుకుంది" అని అలవోకగా అనేస్తాం. జంతువు కావాలనుకుంటే అవయవం వచ్చిందని పిల్లల మనసులో నాటుకుపోతుంది. హైస్కూల్లో బయాలజీ సార్ దాన్ని పీకడానికి నానా తంటాలు పడాలి. వాక్యం కాస్త మార్చి చెప్తే చాలు: "మూపురంలో కొవ్వు దాచుకోగలిగిన ఒంటెలు తిండి దొరకని రోజుల్లోనూ బతికాయి, వాటి పిల్లలకూ అదే వచ్చింది." మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కాదు. ఈ సంగతి కూడా పనిలో పనిగా చెప్పేయండి, చాలా ఇళ్లల్లో పెద్దలు నీళ్లనే చెప్తారు.

"మరి మనం చలికి స్వెట్టర్ వేసుకుంటం గద సార్, అది అనుకూలనమేనా?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. దీనికి నేనిచ్చిన జవాబులన్నింటికంటే మంచి జవాబు ఒక పిల్లవాడి నోట వచ్చింది. "మా నాయిన గడ్డపార పట్టి పట్టి చేతులు కాయలు కాసినయ్. నా చేతులు మెత్తగనే ఉన్నయ్ గద." అంతే. బతుకులో సంపాదించుకున్న కాయలు కొడుకు చేతికి రావు, పుట్టుకతో ఉన్నవే వస్తాయి. స్వెట్టరూ అంతే, విప్పితే పోతుంది.

ఈ సంగతి ఒంటికి పట్టడానికి ముక్కుల ఆట ఆడించండి. బట్టల క్లిప్పులు, చెంచాలు, స్టవ్ మీది గిన్నె దించే పట్టకార్లు, కనుబొమ్మలు తీసే చిన్న ప్లక్కర్లు. ఇవే పక్షుల ముక్కులు. నేల మీద జొన్నలు, పెసలు, చింతగింజలు, దారం ముక్కలు కలిపి చల్లండి. దారాలు పురుగులన్నమాట. ప్రతి పిల్లకూ ఒక ముక్కు, ఒక గ్లాసు. ఈల వేసినప్పటినుంచి మళ్లీ ఈల దాకా ముక్కుతో పట్టి గ్లాసులో వేసుకోవాలి, చెయ్యి తగిలితే లెక్కలోకి రాదు. మొదటి ఆటలో అందరి కడుపూ ఎంతోకొంత నిండుతుంది. చాలామంది టీచర్లు ఇక్కడితో ఆపి, "ఏ ముక్కుకు ఏ తిండి" అని పట్టిక రాయించి వదిలేస్తారు. ఆపకండి.

రెండో ఆటలో కరువు తెప్పించండి. జొన్నలు, పెసలు, దారాలు ఊడ్చేసి చింతగింజలు మాత్రమే ఉంచండి. చిన్న ప్లక్కర్ వాళ్లకు గింజ జారిపోతుంది, గ్లాసు ఖాళీ. ఖాళీ గ్లాసు వాళ్లు పక్కకు వచ్చి కూర్చోవాలి. మూడో ఆటకు వాళ్లు తిరిగి వస్తారు, కానీ బతికిన పక్షుల పిల్లలుగా వస్తారు, అంటే చేతికి పట్టకారు వస్తుంది. "సార్, నేను నా ముక్కును పెద్దగ చేసుకుంట" అని ఒకడు అంటాడు. "చేసుకో చూద్దాం" అనండి. ప్లక్కర్ వైపు చూసి వాడే నవ్వుతాడు. ఒక్క పక్షి ముక్కూ మారలేదు, కానీ మూడు ఆటల తర్వాత గదిలో ఎక్కువగా ఉన్న ముక్కు మారింది. ఇంతకంటే లోతు ఆ వయసుకు అవసరం లేదు.

ఇది ఉత్త ఆట అనుకోకండి. పసిఫిక్ సముద్రంలో గలాపగోస్ దీవులున్నాయి కదా, అక్కడ డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పీటర్ గ్రాంట్, రోజ్‌మరీ గ్రాంట్ దంపతులు పిచ్చుకంత పక్షుల ముక్కుల్ని కొలుస్తూ ఏళ్ల తరబడి ఉన్నారు. 1977లో అక్కడ గట్టి కరువు వచ్చింది. చిన్న మెత్తని గింజలు అయిపోయాయి. మిగిలినవి ఎక్కువగా గట్టి గింజలు, అందులో మన పల్లేరు జాతి ముళ్లకాయ కూడా ఉంది. మందపు ముక్కున్న పక్షులు వాటిని చిట్లించి తిన్నాయి, సన్న ముక్కువి ఎక్కువగా చచ్చిపోయాయి. తర్వాత పుట్టిన పిల్లల్లో ముక్కులు సగటున మునుపటికంటే మందం. పల్లేరుకాయ గుచ్చుకోని కాలు మన ఊళ్లల్లో ఉండదు. ఒక కాయ తెచ్చి చేతిలో పెట్టి ఈ కథ చెప్పండి, గలాపగోస్ ఎక్కడుందో మ్యాప్‌లో వాళ్లే వెతుకుతారు.

రంగుల సంగతి తొందరగా ముగిస్తాను. ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు ఊలు ముక్కలు గడ్డిలో చల్లి ఏరించడం అందరికీ తెలిసిన ఆటే. దానికి మన వైపు ఉదాహరణలు రెండు కలపండి. తీతువు పిట్ట గూడే కట్టదు, చెలకలో ఉత్త నేల మీద గుడ్లు పెడుతుంది. వాటి మీది మచ్చలు రాళ్లలో కలిసిపోయి కాలు పెట్టబోయే దాకా కనపడవు. దీనికి పూర్తిగా ఎదురు ఆరుద్ర పురుగు. తొలకరి పడగానే ఎర్ర మఖ్మల్ లాగా నేల మీద మెరుస్తూ తిరుగుతుంది, దాక్కోదు. దాని రుచి బాగుండదు, ఆ ఎరుపు "నన్ను తినకు" అని తినేవాళ్లకు చెప్పే గుర్తు. అగ్గిపెట్టెల్లో పట్టి తెస్తారు, చూసి అదే చోట వదిలేయించండి. ఊసరవెల్లి ఊసు వస్తే ఒక మాట: అది రంగు మార్చేది ముఖ్యంగా ఎండకు, చలికి, తోటి ఊసరవెల్లికి కోపం, భయం తెలపడానికి. ఏ గుడ్డ మీద పెడితే ఆ రంగుకు మారుతుందన్నది కట్టుకథ.

అడవి జంతువుల్ని, పక్షుల్ని, గుడ్లను తరగతికి తెప్పించకండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా నేరమే. గిజిగాడి గూడు కావాలంటే వానకాలం పోయాక తాడిచెట్ల కింద రాలిపడ్డది దొరుకుతుంది, అది చాలు.

హన్మకొండలో హంటర్ రోడ్డు మీది కాకతీయ జూకు తీసుకెళ్లే వీలుంటే అన్నీ చూపించాలనుకోకండి. ఇద్దరు పిల్లలకు ఒక జంతువు అప్పగించి, దాని దగ్గరే పావుగంట కూర్చోబెట్టండి. జింకకు కళ్లు తల పక్కలకు ఎందుకున్నాయి, వేటాడేవాటికి ముందుకు ఎందుకున్నాయి అన్నది ఆ పావుగంటలో తేలుతుంది. పరుగెత్తి తిరిగితే ఐస్‌క్రీమే గుర్తుంటుంది.

ఇవన్నీ అయ్యాక ఒంటె చార్టు మళ్లీ బయటికి తీయండి, కానీ బోర్లించి పెట్టండి. "పగలు మంట, రాత్రి చలి, కాలు దిగబడే ఇసుక, కళ్లల్లో దుమ్ము, నీళ్లు రోజుల తరబడి దొరకవు. ఇక్కడ బతికే జంతువును మీరే గీయండి" అనండి. గీశాక చార్టు తిప్పితే వాళ్ల బొమ్మకూ దానికీ ఎక్కడ కలిసిందో వాళ్లే చూసుకుంటారు. రెండు తరగతులు ఒకే గదిలో ఉండటం ఇక్కడ మీకు కలిసొస్తుంది. నాలుగు వాళ్లు గీస్తారు, ఐదు వాళ్లు పక్కన కారణం రాస్తారు.

ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) పేపర్లో "ఒంటె అనుకూలనాలు రాయండి" అని ఇవ్వకండి, అది జ్ఞాపకశక్తికి పరీక్ష. "ఏప్రిల్‌లో మన కుంటలో బొచ్చెను, కొర్రమీనును వదిలితే ఏది ఎన్నాళ్లు బతుకుతుంది, ఎందుకు?" అని ఇవ్వండి. పుస్తకంలో లేని ప్రశ్న అని తనిఖీకి వచ్చినవాళ్లు అంటే, ఆ పిల్లలు రాసిన జవాబు పేపర్లే వాళ్ల ముందు పెట్టండి. పాఠం వరుస మారిందన్న అభ్యంతరం వస్తే మీ పీరియడ్ ప్లాన్‌లో కుంట, ఆట, ఎలుగుల పోలిక, చార్టు అని తేదీలతో ముందే రాసి పెట్టుకోండి. జూన్‌లో మొదలుపెడితే కొర్రమీనూ, కప్పా, ఆరుద్ర పురుగూ మూడూ కలిసొస్తాయి. ఈ ఏడాది ఆ సమయం దాటిపోతే ముక్కుల ఆటతో మొదలుపెట్టి, కుంటను మార్చికి దాచండి. అప్పుడు నీళ్లు తగ్గడం వారం వారం పోయి కొలిచి రావొచ్చు.